మువ్వురు దేవదూతలు

రెక్కలు తగిలించినంతమాత్రమున మానవరూపము దేవదూత కాజాలదు. అంగళ్లలో నమ్ముడుపోవు శుభాకాంక్షాపత్రములపై బొద్దుశిశువులకును రెక్కలు కలవు. వానిని జూచి భక్తి కలిగినవారిని మే మెరుగము.

రష్యా చిత్రకారుడగు ఆంద్రే రుబ్ల్యోవు 15వ శతాబ్ది తొలిపాదమున వ్రాసిన ‘త్రిత్వము’ వేరు. అబ్రహాము నింటికి మువ్వురు అపరిచితులు అతిథులై వచ్చిన బైబిలు కథ దీనికి మూలము. పూర్వచిత్రకారులు వడ్డన చేయు అబ్రహామును, సారాను గూడ చిత్రించుచుండిరి. రుబ్ల్యోవు వారిని తొలగించెను. మిగిలినవి వంగిన మూడు శిరస్సులు, మూడు దండములు, బల్లపై నొక్క పాత్ర. మువ్వురి వస్త్రములందును నీలవర్ణము కలదు. ముఖములు నించుమించుగ నొక్కటియే. బల్లకు ఈవలివైపు ఖాళీ. ఆ తావు చూపరిది. అతిథిపూజ నెరిగిన మనకు దీని భావము తెలియుటకు వ్యాఖ్యాత యక్కరలేదు.

ఇట్టి పటము 1929 నుండి మాస్కోలోని త్రెత్యాకోవు చిత్రశాలలో నుండెను. 2022లో కొలదిదినములు మఠమునకు గొనిపోయి తెచ్చిన పిదప దాని స్థితి చెడుచున్నదని సంరక్షకులు మొరపెట్టిరి. అయినను 2023లో ప్రభుత్వము దానిని మతసంస్థ కప్పగించెను. పూజకై వ్రాసినది పూజాస్థానమునకే చెందవలెనను వాదము త్రోసివేయదగినది కాదు. దేవాలయవిగ్రహముల విషయమున మేమును అట్లే వాదింతుము. కాని ఆరువందల యేండ్ల కొయ్యపలక తేమలోని మార్పులను, ప్రయాణపు కుదుపులను ఎన్నిమారులు సహించును? నిపుణుల మాటను పెడచెవిని బెట్టి పాలకులు చేయు దానమును భక్తి యని మే మొప్పజాలము. మఠమున దీని ప్రతికృతు లిదివరకే కలవు. వానిముందు మ్రొక్కుటకు భక్తుల కేమియు లోపము లేదు. మూలమును చిత్రశాలకు మరల్చుటయే యుక్తము.