మూర్ఛకు గురి చూసిన వైద్యం కావాలి

టమోటా కోతలో వున్న మనిషి వున్నట్టుండి నేల మీద పడిపోతాడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి. నోట నురగ వస్తుంది. ఒకరు పరుగున వెళ్లి తాళం చెవుల గుత్తి తెచ్చి చేతిలో పెడతారు. మరొకరు ఎర్రగడ్డ చితక్కొట్టి ముక్కు దగ్గర పెడతారు. రెండు మూడు నిమిషాలకు మనిషి తేరుకుంటాడు. మూర్ఛ తనంతట తానే ఆగినా, పేరు మాత్రం తాళం చెవులకు వస్తుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో ఈ దృశ్యం ఎరగనివారు అరుదు.

కాకిసొమ్మ అన్నా, ఫిట్స్ అన్నా జబ్బు ఒక్కటే. ఇది దయ్యం వల్ల వచ్చేది కాదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదీ కాదు. మెదడు కణాల మధ్య నడిచే సన్నని విద్యుత్తు ఒక్కసారిగా అదుపు తప్పడమే మూర్ఛ. కర్ణాటకలోని యళందూరు తాలూకా పల్లెల్లో జరిపిన సర్వేలో వెయ్యిమందికి నలుగురైదుగురు ఈ రోగులున్నట్టు తేలింది. ఆ లెక్కన చూస్తే ఒక పెద్ద పంచాయతీలో పాతికమంది దాకా వుండవచ్చు.

మూర్ఛ రోగుల్లో మూడింట రెండు వంతుల మందికి మాత్రలతోనే జబ్బు అదుపులో వుంటుంది. తక్కిన వారిలో కొందరికి మెదడుకు శస్త్ర చికిత్స చేస్తారు. అదీ కుదరనివారికి నరం ద్వారా కరెంటు ఇచ్చే వైద్యం ఒకటి వున్నది. ఎడమ వైపు ఎముక కింద, చర్మం లోపల, చిన్న అగ్గిపెట్టెలో పట్టేంత యంత్రం అమర్చి, దాని తీగను మెడలోని వేగస్ నరానికి చుడతారు. సాధారణంగా అయిదు నిమిషాలకోసారి అర నిమిషం పాటు సన్నని కరెంటు నరం గుండా మెదడుకు పోతుంది. 1988లో అమెరికాలో మొదటి రోగికి దీనిని అమర్చారు. 1997లో ఆ దేశ ప్రభుత్వం మూర్ఛ వైద్యానికి అనుమతించింది. అమర్చుకున్నవారిలో సుమారు సగం మందికి మూర్ఛలు సగానికి సగం తగ్గుతాయి. పూర్తిగా పోయేది కొద్దిమందికే. మాత్రలు మానడానికి వీల్లేదు. ఖర్చు లక్షల్లో వుంటుంది.

దీనికొక చిక్కు వున్నది. వేగస్ నరం ఒక్క పోగు కాదు. సుమారు లక్ష సన్న పోగుల మోపు. అందులో కొన్ని గొంతుకు, కొన్ని గుండెకు, కొన్ని ఊపిరితిత్తులకు, కొన్ని కడుపుకు చెందినవి. మోపు మొత్తానికి కరెంటు ఇస్తే గొంతు పోగులు కూడా అదురుతాయి. కరెంటు నడిచే ఆ అర నిమిషం గొంతు బొంగురుపోతుంది, దగ్గు వస్తుంది, కొందరికి ఊపిరి బిగపట్టినట్టు వుంటుంది. గుండె వేగం మీద ప్రభావం ఎక్కువగా వుండేది కుడి నరానికి గనుక ఎడమ నరాన్నే ఎంచుకోవడం ఆనవాయితీ.

ఇప్పుడు శాస్త్రజ్ఞులు చేస్తున్న ప్రయత్నం రైతుకు బాగా అర్థమయ్యేదే. మడవ తిప్పితే నీళ్లు పంటకూ పోతాయి, కలుపుకూ పోతాయి. డ్రిప్పు వేస్తే మొక్క మొదట్లోనే పడతాయి. అలాగే నరం చుట్టూ ఒకే తీగకు బదులు అనేక చిన్న కొనలున్న పట్టీ చుట్టి, కావలసిన పోగుల వైపు కొనకే కరెంటు ఇచ్చి చూస్తున్నారు. పందుల మీద జరిపిన పరీక్షల్లో గుండెకు, ఊపిరితిత్తులకు, గొంతుకు పోయే పోగులు నరంలో వేరువేరు చోట్ల వున్నట్టు కనిపించింది. మనుషుల మీద పరీక్షలు ఇంకా తొలి దశలోనే వున్నాయి. రేపే మన ఆసుపత్రికి వస్తుందని ఎవరైనా చెబితే నమ్మరాదు.

మరి పుంగనూరు పల్లెలోని రోగికి దీనితో పనేమిటి? వున్నది. మందు వల్ల ఇబ్బంది కలిగితే మందును సరిచేయాలి గాని వైద్యాన్నే వదిలిపెట్టరాదన్నది ఈ పరిశోధన చెప్పే నీతి. పల్లెల్లో జరుగుతున్నది దీనికి విరుద్ధం. ఫినోబార్బిటాల్ మాత్రతో మత్తుగా వుందని కూలికి పోయేవాడు మానేస్తాడు. ఫెనిటాయిన్ తో చిగుళ్లు వాచాయని పిల్ల మానేస్తుంది. పెళ్లయిన అమ్మాయి అత్తవారింట తెలుస్తుందని మాత్రలు దాచి, చివరకు మింగడమే మానేస్తుంది. మూర్ఛ పేరుతో పెళ్లి చెల్లదనే మాటను 1999లోనే హిందూ వివాహ చట్టం నుంచి తొలగించారన్న సంగతి ఎందరికి తెలుసు? మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఆగని మూర్ఛ వచ్చి ప్రాణమే పోవచ్చు. గర్భిణులకు వాల్‌ప్రోయేట్ బిడ్డకు చేటు చేయవచ్చు. అదైనా డాక్టరు మార్చాలే తప్ప సొంతంగా ఆపరాదు.

క్షయరోగుల కోసం వెలసిన ఆరోగ్యవరం మదనపల్లె పక్కనే వున్నది. స్ట్రెప్టోమైసిన్ సూదిమందు క్షయను లొంగదీసినా కొందరికి చెవి నరాన్ని దెబ్బతీసింది. అందుకని క్షయ వైద్యం ఆగలేదు. మోతాదు చూశారు, వేరే మందులు కలిపారు, తర్వాత ఇంతకన్నా మంచి మందులు వచ్చాయి. మూర్ఛకూ ఆ ఓపికే కావాలి.

ఆ ఓపిక రోగికి మాత్రమే వుంటే చాలదు. మోతాదు సరిచేయడానికి ప్రతిసారీ బెంగుళూరు, వేలూరు, తిరుపతి పోవాలంటే తోడుకొక మనిషి, ఇద్దరి కూలి, బస్సు చార్జీలు కావాలి. రెండోసారి పోనివారే ఎక్కువ. బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యులు గౌరిబిదనూరు, మధుగిరి వంటి ఊళ్లకు వెళ్లి నెలకొక రోజు రోగులను చూసే పద్ధతి పెట్టారు. చవకైన మాత్రలతోనే పల్లెల్లో మూర్ఛను అదుపు చేయవచ్చునని యళందూరులో డాక్టర్ కె.ఎస్. మణి బృందం చూపించింది. 2001లో ఆ ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. గౌరిబిదనూరులో సాధ్యమైనది మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో ఎందుకు సాధ్యం కాదు?

నెలకొక రోజు నరాల డాక్టరు ఈ మూడు ఊళ్ల ప్రభుత్వాసుపత్రుల్లో మూర్ఛ రోగులను చూడాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మాత్రలు ఒక్క రోజు కూడా లేవనిపించుకోరాదు. మానేసినవారిని ఆశా కార్యకర్తలు వెతికి పట్టుకోవాలి. వీటికి లక్షల యంత్రాలు అక్కర్లేదు. అధికారులు శ్రద్ధ వహిస్తే చాలు.

ఊరివారు చేయగలిగిందీ వున్నది. పడిపోయిన మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టరాదు. అయిదు నిమిషాలు దాటినా మూర్ఛ ఆగకపోతే 108కి ఫోన్ చేయాలి. తాళం చెవులు ఇంటి తాళానికే వుండనివ్వాలి.