‘నిప్పుతో ఆడకూడదు’ అంటే చాలదు

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక పాఠశాల తగలబడి 94 మంది పిల్లలు మరణించారు. పాఠశాలల్లో మంటలనార్పే పరికరాలుండాలనీ, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలనీ 2009లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కొన్ని బడుల గోడలకు ఎర్ర సిలిండర్లు వచ్చాయి. మరి పిల్లలకు అందిన పాఠమేది?

“పసివాళ్లు భయపడతారండీ” అని కొందరు ప్రధానోపాధ్యాయులు నాతో వాదించారు. ఈ వాదనను నేను అంగీకరించను. ప్రభుత్వాసుపత్రిలో కాలిన పిల్లలకు కట్లు మార్చిన వాణ్ణి. భయమంటే ఏమిటో అక్కడ చూశాను. దుస్తులంటుకున్న బిడ్డ తల్లి కోసం పరుగెత్తుతుంది. గాలి తగిలి మంట పెరుగుతుంది. గదిలో పొగ నిండితే మంచం కింద దాక్కుంటుంది, వెతికేవారికి కనబడదు. నేర్పనివారిదే ఆ తప్పు.

నేర్పవలసినవి ఐదే. దుస్తులంటుకుంటే ఆగి, నేలపై పడుకుని, ముఖం చేతులతో కప్పుకుని దొర్లాలి. పొగలో వంగి పాకుతూ బయటికి రావాలి. పుస్తకాల సంచీ కోసం వెనక్కి వెళ్లరాదు. కాలినచోట 20 నిమిషాలు చల్లని నీరు ధారగా పోయాలి; టూత్‌పేస్టు, సిరా, ఐసు పనికిరావు. 101కు ఫోను చేసి చిరునామా చెప్పాలి.

ఇవి నల్లబల్లపై రాస్తే రావు. దొర్లించి, పాకించి నేర్పాలి. నెలకు పావుగంట చాలు. ఎక్కాలు వల్లె వేయించే బడికి ఇది భారమా?

తల్లిదండ్రులారా, రేపే బడికి వెళ్లి అడగండి: “మంట లేస్తే ఏ దారిన బయటికి రావాలో మా పాపకు చూపించారా?” జవాబు రాకపోతే ర్యాంకుల మాట పక్కనపెట్టి, ముందు ఆ దారి చూపించమనండి.