రక్తం తీసుకెళ్ళారు సరే, ఫలితం ఏదీ?

ఉద్దానం కిడ్నీ జబ్బు మీద పరిశోధన జరగలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఏళ్ళ తరబడి జరుగుతూనే ఉంది. డాక్టర్లు వచ్చి రక్తం, మూత్రం తీసుకెళ్ళారు. భూగర్భ శాస్త్రం వాళ్ళు వచ్చి బోరు నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు, మట్టి మూటగట్టుకెళ్ళారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఈ సీసాలు కొత్త కాదు. పెద్దవాళ్ళలో దగ్గరదగ్గర ఐదుగురిలో ఒకరికి కిడ్నీ దెబ్బతిన్నదని సర్వేలు తేల్చాయి. వాళ్ళలో ఎక్కువమందికి షుగరు లాంటి తెలిసిన కారణం ఏదీ కనబడదు. అందుకే కారణం దగ్గర "తెలియదు" అని రాస్తున్నారు.

తెలియకపోవడం నేరం కాదు. సిలికా అంటారు, పురుగుమందు అంటారు, వంశపారంపర్యం అంటారు. తేల్చడం కష్టమే. నా ఫిర్యాదు వేరు. మా ఊళ్ళో రెండుసార్లు రక్తం తీశారు. రెండుసార్లూ ఫలితం కాగితం మా చేతికి రాలేదు. క్రియాటినిన్ ఎంతుందో ముందే తెలిసుంటే జాగ్రత్తపడే మనిషి, కాళ్ళు వాచాక ఆసుపత్రికి పోయాడు. ఆ అంకె ఎవరి బీరువాలో ఉందో!

రెండోది, వచ్చినవాళ్ళు మా నీళ్ళు చూశారు, మా నెత్తురు చూశారు. మా పని చూసినవాళ్ళు తక్కువ. క్రీడాకారుల శరీరం మీద పరిశోధన చేసే శాస్త్రం ఒకటుంది. పరుగుకు ముందూ తర్వాతా మనిషిని తూకం వేస్తారు. కిలో తగ్గితే సుమారు లీటరు చెమట పోయినట్టు లెక్క. మార్చి నుంచి మే దాకా ఎండలో వంగి జీడిపిక్కలు ఏరే ఆడమనిషిని మా ఊళ్ళో ఎవరూ తూకం వేయలేదు. ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీకి చేరే రక్తం తగ్గుతుంది. పైగా సాయంత్రం నడుం నొప్పికి డైక్లోఫెనాక్ బిళ్ళో, సూదిమందో. ఎండిన ఒంటికి ఆ మందు కిడ్నీని ఇంకా దెబ్బతీస్తుంది. ఇది అనుమానం కాదు, ఏ కిడ్నీ డాక్టరును అడిగినా చెప్పే మాటే.

నికరాగ్వా, ఎల్ సాల్వడార్ దేశాల్లో చెరకు నరికే కూలీలకు ఇలాంటి జబ్బే వచ్చింది. అక్కడ పరిశోధకులు చేలోకే వెళ్ళి, పనికి ముందూ తర్వాతా పరీక్షలు చేశారు. నీళ్ళు, నీడ, విరామం ఏర్పాటు చేసి మళ్ళీ చూశారు. నికరాగ్వాలో విరామం పెంచాక కూలీల్లో కిడ్నీ దెబ్బతినడం తగ్గింది. మా జబ్బుకూ ఎండే కారణమని నేననడం లేదు. వాళ్ళు మనిషిని పనిలో ఉండగా చూశారు, ఇక్కడా అలాగే చూడమంటున్నాను. అయితే టన్నుకింత అని కూలి కట్టేచోట కూర్చుంటే డబ్బు పోతుంది. పిక్కలు ఏరే చోటా ఇదే చిక్కు. విరామం గురించి మాట్లాడితే కూలి గురించి కూడా మాట్లాడాల్సిందే.

కారణం తేలితే కష్టం తీరిపోతుందనుకునేవాళ్ళు నల్లగొండ వైపు చూడాలి. రాతిలోంచి ఫ్లోరైడ్ నీళ్ళలోకి దిగి ఎముకలు వంచుతుందని 1937లోనే, అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ళు చూసి డాక్టర్లు రాసిపెట్టారు. అయినా నల్లగొండ పల్లెలకు కృష్ణా నీళ్ళు రావడానికి ఎన్ని దశాబ్దాలు పట్టింది, ఎంతమంది నడుములు వంగిపోయాయి! ఉద్దానంలో తిరగబడింది. కారణం తేలకముందే, 2023 డిసెంబరులో హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో నీళ్ళొచ్చాయి. పలాసలో 200 పడకల ఆసుపత్రి, దాంతోపాటు కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చాయి. ఊరికే రాలేదు, జనం ఏళ్ళ తరబడి అడిగితే వచ్చాయి. మంచిదే. కానీ కుళాయి నీళ్ళు తాగే మనిషి కూడా మిట్టమధ్యాహ్నం తోటలోనే ఉన్నాడు. ఉపాధి హామీ చట్టం రాసిన 2005లోనే పనిచోట తాగునీరు, నీడ ఉండాలని పెట్టారు. ఎన్నిచోట్ల టెంటు కనబడిందో మేట్లను అడగండి.

పరిశోధన కేంద్రం ఇప్పుడు మన గడప దగ్గరే ఉంది. అక్కడి డాక్టరు, బోరు నీళ్ళు పరీక్షించే ఆయన, చెమట లెక్క తెలిసిన ఆయన ముగ్గురూ కలిసి ఒకే ఊరికి, ఒకే వేసవిలో, పని వేళకు రావాలి. ఊరి ఫలితాలు తెలుగులో సచివాలయం గోడకు అంటించాలి. ఎవరి అంకె వాళ్ళకు రహస్యంగా, కాగితం మీద ఇవ్వాలి.

ఈలోగా మన గ్రామ శాఖలు ఒక పని చేయొచ్చు. ఇకమీదట ఏ బృందం సీసాలతో వచ్చినా, ఫలితం ఏ నెలలో ఇస్తారో కాగితం మీద రాయించి, పేరు, ఫోను నంబరు, సంతకం తీసుకున్నాకే చెయ్యి చాపండి. ఆ కాగితం నకలు సంఘం ఆఫీసుకు పంపండి. గడువు దాటితే మనమే వెళ్ళి అడుగుదాం.