అచ్చుపూలు - రాతిపూలు

కళాశాల వార్షికోత్సవ వేదికకు తెర కావలసి మేము కొందరము నంద్యాల బజారుకు వెళ్ళాము. ‘కలంకారీ’ అన్న మాట విని, ధర తక్కువని మురిసిపోయి, పన్నెండు గజాల పూలగుడ్డ తెచ్చాము. కట్టేవేళ తిప్పి చూచితే వెనుకవైపు వెలవెలబోతున్నది. రంగు పైపైనే నిలిచిన అచ్చు అది. దుకాణదారుని నిందించబోము, అడుగవలసినది మేమే అడుగలేదు.

కృష్ణాజిల్లా పెడనలోని అసలు అద్దకం వేరు. గుడ్డను కరక్కాయ కషాయంలోను, గేదెపాలలోను తడిపి ఎండబెడతారు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపునీటిలో ఊరవేసి నలుపు తీస్తారు. ఎరుపు రావలసినచోట పటికను అద్ది, రంగునీటిలో ఉడికించి, పారే నీటిలో జాడిస్తారు. రంగురంగుకూ వేరే టేకు అచ్చు. అచ్చూ అచ్చూ కలిసేచోట వెంట్రుకవాసి తేడా కనబడుతుంది. ఇంత శ్రమ చౌకగా ఎలా వస్తుంది?

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఈ గుడ్డలు మచిలీపట్నం రేవునుండి పారశీక దేశానికి వెళ్ళేవి. కొనేవారి అభిరుచి మన అచ్చులలో పూలతీగలై అల్లుకున్నది. కలంకారీ అన్న పేరూ పారశీకమే. ఐరోపాలో ఇటువంటి అద్దకాలపై మోజు ఎంత పెరిగిందంటే, అక్కడి నేతవృత్తులను కాపాడుకొనుటకు ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1721లోను నిషేధచట్టాలు చేశాయి!

తెరమీది ఒక పువ్వును మాలో ఒకరు ‘మామిడిపిందె’ అన్నారు, ఉర్దూ మిత్రుడు ‘కైరీ’ అన్నాడు. కాసేపు వాదించుకున్నాక తేలినదేమంటే, కైరీ అన్నా పచ్చిమామిడికాయే! ఆంగ్లంలో మాత్రం దానికి పేస్లీ అనే స్కాట్లండు ఊరిపేరు దక్కింది.

పెడన దూరమనుకుంటే ఆళ్ళగడ్డ మన పొరుగే. అక్కడి శిల్పులు దేవతామూర్తికి పద్మపీఠం చెక్కేటప్పుడు రేకు రేకుకూ కొలత పాటిస్తారు. మన చిత్రలేఖన విద్యార్థులేమో శుభాకాంక్షల కార్డు చూచి గులాబీలు దించుతున్నారు. విగ్రహాలు చెక్కేచోట మైనారిటీ కళాశాలకు పనేమిటని కమిటీలో ఎవరైనా అనవచ్చు. జీవరూపాలకు తావులేని మసీదు గోడలను అలంకరించినవీ పూలూ తీగలే గదా! రేకును సమంగా విభజించే విద్య నేర్చుకొనుటకు మతం అడ్డు వస్తుందని మేము తలచము. ఒక్కరోజు విద్యార్థులను అక్కడికి పంపాలని, పని ఆపి నేర్పే శిల్పికి ఆనాటి కూలి చెల్లించాలని కమిటీ పెద్దలను కోరుతున్నాము. ఉచితంగా చూపించమనడం మర్యాద కాదు.

ఇక తెర మాట. వచ్చే వార్షికోత్సవానికి పన్నెండు గజాలు వద్దు. అదే సొమ్ముకు మూడు గజాల అసలు అద్దకం వచ్చినా చాలు, వేదిక నడుమ కట్టి, ఇరుపక్కలా తెల్లగుడ్డ వేద్దాము.