బదిలీ చేయకండి, పోలీసులకు చెప్పండి

తల్లిదండ్రులకు, బళ్లు, హాస్టళ్లు నడిపేవారికి, గుడి, మఠం, చర్చి, మసీదు కమిటీల పెద్దలకు మా విన్నపం.

‘ఫలానా సారు నాతో తప్పుగా ప్రవర్తించాడు’ అని ఒక పిల్ల చెబుతుంది. ఆ మాట ఆయా నుంచి వార్డెన్‌కు, వార్డెన్ నుంచి ప్రిన్సిపాల్‌కు, అక్కడి నుంచి మేనేజ్‌మెంటుకు చేరుతుంది. తర్వాత ఏం జరుగుతుందో మనకు తెలియనిది కాదు. నలుగురు పెద్దలు తలుపులు వేసుకుని కూర్చుంటారు. పిల్లను నిలబెట్టి, చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పిస్తారు. తల్లిదండ్రులను పిలిపించి, ‘పిల్ల భవిష్యత్తు చూసుకోండి, పరువు బజారున పడుతుంది’ అంటారు. ఆ సారును మరో బ్రాంచికో మరో ఊరికో పంపిస్తారు. ఆ కొత్త ఊళ్లోని పిల్లలకు అతనెవరో తెలియదు. వాళ్లను హెచ్చరించాలని ఎవరికీ తోచదు.

ఈ పద్ధతి ఒక్క మతానిదీ కాదు, ఒక్క దేశానిదీ కాదు. అమెరికాలోని బోస్టన్ నగరంలో జాన్ గేగన్ అనే క్యాథలిక్ ఫాదర్‌ను దాదాపు మూడు దశాబ్దాల పాటు ఒక చర్చి నుంచి మరో చర్చికి మారుస్తూ పోయారు. అతను పిల్లలతో ఏం చేస్తున్నాడో పైవారికి తెలుసు. తెలిసే మార్చారు. 2002 జనవరిలో ‘బోస్టన్ గ్లోబ్’ పత్రిక ఈ సంగతి బయటపెట్టే నాటికి అతని మీద ఆరోపణలు చేసినవారు 130 మందికి పైగా ఉన్నారు. ఆ ఏడాది డిసెంబరులో అక్కడి కార్డినల్ బెర్నార్డ్ లా పదవి వదులుకోవలసి వచ్చింది. గేగన్ చేసిన నేరం ఒకటైతే, అతన్ని సాగనంపిన ప్రతి సంతకం ఇంకో నేరం.

ఆస్ట్రేలియా ప్రభుత్వం 2013 నుంచి 2017 దాకా సంస్థల్లో పిల్లలపై జరిగిన లైంగిక వేధింపుల మీద ఒక రాయల్ కమిషన్‌తో దేశమంతటా విచారణ జరిపించింది. చర్చిలతో పాటు బళ్లు, అనాథాశ్రమాలు, క్రీడా సంఘాలు, చివరికి మన దేశపు స్వామి ఒకరి శిష్యులు మాంగ్రోవ్ మౌంటెన్‌లో నడిపిన సత్యానంద యోగాశ్రమం కూడా ఆ విచారణలోకి వచ్చాయి. ఎనిమిది వేల మందికి పైగా బాధితులు కమిషన్ ముందు ఏకాంతంగా మాట్లాడారు. చిన్నప్పుడు జరిగినదాన్ని నోరు విప్పి చెప్పడానికి వాళ్లకు పట్టిన కాలం సగటున దాదాపు 24 ఏళ్లు. ‘అంత జరిగితే అప్పుడే ఎందుకు చెప్పలేదు?’ అని అడిగేవారు ఈ అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఎనిమిదేళ్ల పిల్లవాడు ముప్పై దాటాక గానీ చెప్పలేకపోయాడంటే, ఈలోగా అతని చుట్టూ ఉన్న పెద్దలు ఎలాంటివారై ఉండాలి?

మన సంగతి చూద్దాం. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రకటించిన అధ్యయనంలో 13 రాష్ట్రాల పిల్లలతో మాట్లాడారు. అందులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఏదో ఒక రకమైన లైంగిక వేధింపుకు గురయ్యామని చెప్పినవారు సగానికి పైనే. మగపిల్లలు కూడా తక్కువేమీ లేరు. చేసినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారు, పిల్లలు నమ్మినవారు.

ఆ తర్వాతే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం వచ్చింది. 2012లో బాలల దినోత్సవం నాడు, నవంబరు 14న, అమల్లోకి వచ్చింది. ఈ చట్టంలోని 19వ సెక్షన్ ప్రతి పెద్దమనిషికీ, ప్రతి కమిటీ సభ్యుడికీ కంఠతా రావాలి. నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయం కలిగినా ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ అధిపతే దాచిపెడితే ఏడాది దాకా జైలు, జరిమానా. చట్టం బడినీ, ఆసుపత్రినీ, మత సంస్థనూ పేరుపెట్టి మరీ చెప్పింది: అక్కడి సిబ్బందే పిల్లల మీద చేయివేస్తే అది మామూలు నేరం కన్నా తీవ్రమైనది. కాషాయానికి గానీ, శిలువకు గానీ, టోపీకి గానీ మినహాయింపు లేదు.

మరి అమలు? మహారాష్ట్రలోని రాజురాలో ఒక బడి హాస్టల్‌లో గిరిజన బాలికలపై అత్యాచారాలు జరిగాయి. వాళ్లకు వైద్యం చేసిన డాక్టరుకు పిల్లలే విషయం చెప్పినా ఆయన పోలీసులకు తెలపలేదన్నది ఆరోపణ. హైకోర్టు ఆయన మీది కేసు కొట్టేసింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమేనని తేల్చింది. రాజస్థాన్‌లో ఒక టీచరు మీద కేసు పెట్టాక, పిల్ల తండ్రితో రాజీ రాయించుకున్నారు. హైకోర్టు దాన్ని ఒప్పుకుని కేసు కొట్టేసింది. ఆ కుటుంబంతో సంబంధం లేని గ్రామస్థులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2024 నవంబరులో కేసు మళ్లీ ప్రాణం పోసుకుంది. ఇలాంటి నేరం ఇద్దరి మధ్య తగాదా కాదు, స్టాంపు కాగితం మీద తెగేది అంతకన్నా కాదు. మన ఊళ్లలో పెద్దమనుషుల పంచాయితీల్లో కూర్చునేవారు ఈ తీర్పు తెలుసుకోవాలి. ఆ గ్రామస్థులకు మా నమస్కారం.

2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక పేరున్న బడిలో నాలుగేళ్ల పాపపై డ్రైవరు చేసిన అత్యాచారం బయటపడింది. కోపంలో ప్రభుత్వం బడి గుర్తింపునే రద్దు చేస్తామంది. అక్కడ చదివే వందల మంది పిల్లలు ఎక్కడికి పోవాలని తల్లిదండ్రులు రోడ్డెక్కితే వెనక్కి తగ్గింది. నిందితుడికి మాత్రం 2023 ఏప్రిల్‌లో, అంటే ఆరు నెలల్లోనే, 20 ఏళ్ల శిక్ష పడింది. తలచుకుంటే న్యాయం ఇంత త్వరగా జరుగుతుందన్నమాట. 2024 ఆగస్టులో ముంబయి దగ్గర బద్లాపూర్‌లో బడిలో వేధింపుకు గురైన చిన్న పిల్లల తల్లిదండ్రులు పోలీసు స్టేషన్‌లో గంటల తరబడి కూర్చుంటే గానీ ఎఫ్‌ఐఆర్ నమోదు కాలేదు. జనం రైళ్లు ఆపేదాకా వ్యవస్థ పూర్తిగా కదలలేదు. రైళ్లు ఆగితేనే కదిలే వ్యవస్థ, రైలు స్టేషనే లేని ఊళ్లో పిల్లకు ఏం చేస్తుంది?

భక్తులకు ఒక మాట. మీ గురువు మీద ఆరోపణ వస్తే మీ గుండె మండుతుంది, మాకు తెలుసు. కానీ గురువుగా పేరుపడ్డ ఆశారాం కేసు గుర్తు చేసుకోండి. 2013లో ఒక మైనరు అమ్మాయి ఫిర్యాదు చేసింది. 2018లో జోధ్‌పూర్ కోర్టు ఆయనకు యావజ్జీవ శిక్ష వేసింది. ఆ ఐదేళ్లలో ఆయన మీది కేసుల్లో సాక్షులపై దాడులు జరిగాయి, కొందరిని చంపేశారు కూడా. ఆ అమ్మాయి తల్లిదండ్రులూ ఒకప్పుడు ఆయన భక్తులే. మీ గురువు నిర్దోషి అయితే దాన్ని తేల్చేది న్యాయస్థానమే. పిల్ల ఇంటి ముందు గుంపు కట్టడం వల్ల ఎవరి నిర్దోషిత్వమూ రుజువు కాదు.

‘ఆరోపణ అబద్ధమైతే?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కావాలని తప్పుడు ఫిర్యాదు ఇచ్చే పెద్దలకు చట్టంలో శిక్ష ఉంది. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవారి మీద మాత్రం ఏ కేసూ నిలవదు. నిజమో అబద్ధమో తేల్చడం పోలీసుల పని, కోర్టు పని. బడి కమిటీ చేసే ‘అంతర్గత విచారణ’ ఆధారాలు చెడగొడుతుంది, పిల్లను బెదరగొడుతుంది, అమాయకుడైన ఉద్యోగికి కూడా మచ్చ తుడుచుకునే దారి లేకుండా చేస్తుంది. పిల్ల వాంగ్మూలాన్ని ఆమె ఇంటి దగ్గరో, ఆమె కోరుకున్న చోటో, వీలైనంత వరకు మహిళా ఎస్సై చేత, యూనిఫాం లేకుండా తీసుకోవాలని చట్టం చెబుతోంది. మేనేజ్‌మెంటు గదిలో అంత జాగ్రత్త ఎవరు తీసుకుంటారు?

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ, దేవాదాయ శాఖనూ, డయోసీసులనూ, వక్ఫ్ బోర్డులనూ, గురుకుల సొసైటీలనూ అడుగుతున్నాం. ఆరోపణ చెవిన పడిన రోజే పోలీసులకు చెప్పాలని ప్రతి సంస్థా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కేసు తేలేదాకా ఆ ఉద్యోగిని పిల్లలకు దూరంగా ఉంచాలి. బదిలీ మాత్రం కూడదు, రాజీనామా తీసుకుని మంచి సర్టిఫికెట్ చేతిలో పెట్టడం అసలే కూడదు. 2020 పోక్సో నిబంధనల ప్రకారం పిల్లలతో మెలిగే ప్రతి సిబ్బందికీ పోలీసు వెరిఫికేషన్ చేయించాలి. వంటమనిషి, డ్రైవరు, కాపలాదారు, కాంట్రాక్టు ఉద్యోగి అందరూ ఇందులోకి వస్తారు. ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలల్లో, వేద పాఠశాలల్లో, మదర్సాల్లో, చర్చి హాస్టళ్లలో పిల్లలు రాత్రిళ్లు కూడా అక్కడే ఉంటారు. ఇంటికి ఫోన్ చేయాలన్నా వార్డెన్ అనుమతి కావాలి. తనిఖీలు మొదలవ్వాల్సింది అక్కడి నుంచే. బాలల సంక్షేమ కమిటీ పంపిన, సంస్థతో సంబంధం లేని ఒక మహిళ నెలకోసారి వచ్చి పిల్లలతో ఒంటరిగా మాట్లాడాలి. 1098 నంబరు పిల్లలకు కనిపించేలా గోడ మీద ఉండాలి, పక్కనే ఎవరి అనుమతీ అక్కర్లేని ఫోన్ ఉండాలి.

తల్లిదండ్రులారా, ఈ వారమే మీ పిల్లలు చదివే చోటికి, ఉండే చోటికి వెళ్లండి. సిబ్బంది వెరిఫికేషన్ కాగితాలు చూపించమని అడగండి. ఫిర్యాదు వస్తే ఎవరు, ఎప్పుడు పోలీసులకు చెబుతారో రాసి ఇమ్మనండి. ఒక్కరే వెళ్లకండి, పదిమందిని కూడగట్టుకుని వెళ్లండి. ఇవ్వలేమంటే జిల్లా కలెక్టరుకు పిటిషన్ పెట్టండి. మీకు ఇప్పటికే ఏదైనా తెలిసి ఉంటే, ఎవరినీ అడగకుండా ఇప్పుడే 1098కో 112కో ఫోన్ చేయండి.