మన ఈమెయిల్ తాళం ఎవరి జేబులో ఉంది?



"గూగుల్ తీసుకుందామా, మైక్రోసాఫ్టా, లేకపోతే మనవాళ్ళ జోహోనా?" సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాననే ఒకే ఒక్క కారణానికి ఈ ప్రశ్న నన్ను ఏడాదికి అరడజను మందైనా అడుగుతారు. అడిగేవాళ్ళు ఐదారుగురితో నడిచే ట్రావెల్ ఆఫీసులవాళ్ళు, లెక్కలు రాసిపెట్టే చిన్న కంపెనీలవాళ్ళు, మన సంఘాల కార్యదర్శులు. నా జవాబు వాళ్ళకు నచ్చదు. మూడింట్లో ఏదైనా ఫరవాలేదు, ముందు మీ డొమైన్ ఎవరి పేరు మీద ఉందో చెప్పండి అంటాను. "డొమైన్ ఎందుకండీ, జీమెయిల్ ఉందిగా" అంటారు. నా పేచీ అంతా ఆ "ఉందిగా" తోనే.

సింగపూర్‌లో సంఘం పెట్టాలంటే రిజిస్ట్రార్ ఆఫ్ సొసైటీస్ దగ్గర నమోదు కావాలి. ఏటా సర్వసభ్య సమావేశం, లెక్కల అప్పగింత తప్పవు. మన సంఘాల్లో చెక్కు మీద రెండు సంతకాలు లేనిదే వంద డాలర్లు కూడా కదలవు. కానీ అదే సంఘం ఉత్తరాలన్నీ ఒక్క మనిషి సొంత ఈమెయిల్లో, ఒక్క పాస్‌వర్డు వెనక ఉంటాయి. డబ్బుకు ఇద్దరు కాపలా, కాగితాలకు ఎవరూ లేరు. అదేమని అడిగినవాణ్ణి నేను చూడలేదు.

ఇందులో అంత కొంప మునిగేదేముంది అనుకునేవారికి, నేను ఆదివారాలు పనిచేసే ఒక చిన్న ఆఫీసు సంగతి చెబుతాను. పేరు అనవసరం. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి కన్‌స్ట్రక్షన్‌కూ షిప్‌యార్డులకూ వచ్చిన తమ్ముళ్ళకు కాగితాల పని చేసిపెట్టే చోటు అది. ఒక టేబులు, రెండు పాత కంప్యూటర్లు, నలుగురం వలంటీర్లం. అక్కడికి ఈమెయిల్లో వచ్చేవేమిటో చూడండి: పాస్‌పోర్టు ఫొటోలు, వర్క్ పర్మిట్ నంబర్లు, జీతం చీటీలు, ఆసుపత్రి కాగితాలు, ఐపీఏ పత్రాలు. మనిషి ఇక్కడికి రాకముందే మినిస్ట్రీ ఆఫ్ మ్యాన్‌పవర్ ఇచ్చే ఆ ఐపీఏలో జీతం ఎంతో రాసి ఉంటుంది. తర్వాత యజమాని తక్కువ ఇస్తే కార్మికుడి చేతిలో ఉండే మొదటి ఆయుధం అదే.

ఇవన్నీ చేరే అడ్రసు పాత కార్యదర్శిగారి జీమెయిల్. మనిషి మంచివాడు, సందేహం లేదు. ఉద్యోగం మారి మెల్‌బోర్న్ వెళ్ళిపోయాడు. ఇక్కడి ఫోన్ నంబరు వదిలేశాడు. లాగిన్ కోడ్ వచ్చేది ఆ నంబరుకే. కొత్త కార్యదర్శికి పాస్‌వర్డు ఉంది, కోడ్ లేదు. పాత కార్యదర్శికి తన ల్యాప్‌టాప్‌లో మెయిల్ తెరుచుకుంటూనే ఉంది, చూసే తీరిక లేదు. పాప స్కూలు ఫీజుల రసీదుల మధ్య, క్రెడిట్ కార్డు ప్రకటనల మధ్య ఒక కార్మికుడి ఉత్తరం ఏడు వారాలు ఉండిపోయింది.

అతనికి నాలుగు నెలల జీతం బాకీ పెట్టి పనిలోంచి తీసేశారు. ఇక్కడ జీతం ఫిర్యాదు ముందు టాడెమ్ దగ్గర రాజీ ప్రయత్నానికి వెళ్ళాలి. అక్కడ తెగకపోతే ఎంప్లాయ్‌మెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్. ఉద్యోగం పోయినవాడు ఆఖరి పనిరోజు నుంచి 6 నెలల్లోపే టాడెమ్‌లో ఫిర్యాదు పెట్టుకోవాలి. ఆ ఆరు నెలల్లో ఏడు వారాలు ఒక ఇన్‌బాక్సులో కరిగిపోయాయి. ఫిర్యాదు గడువులోపే పడింది కానీ, అతనితో కలిసి పనిచేసి సాక్ష్యం చెప్పగలిగిన ఇద్దరు అప్పటికే ఊళ్ళకు వెళ్ళిపోయారు.

దీన్ని టెక్నాలజీ సమస్య అనడానికి నాకు మనసొప్పదు. సంఘం ఆస్తిని ఒక వ్యక్తి పేరున రాసిపెట్టడం ఇది. స్థలమైతే ఊరుకునేవాళ్ళమా?

ఇక చట్టం. సింగపూర్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2012లో వచ్చింది, అందులోని ముఖ్యమైన నిబంధనలు 2014 జూలై 2 నుంచి అమల్లో ఉన్నాయి. అది పెద్ద బ్యాంకులకే అనుకుంటే పొరపాటు. సంఘాలకూ వర్తిస్తుంది, పైగా ఆ చట్టం దృష్టిలో వలంటీరు కూడా ఉద్యోగి కిందే లెక్క. ప్రతి సంస్థా డేటా బాధ్యుడిగా కనీసం ఒకరిని నియమించాలి. 2019 సెప్టెంబరు నుంచి గుర్తింపు కార్డు, పాస్‌పోర్టు నంబర్ల సేకరణ మీద నియమాలు బిగిశాయి. 2021 ఫిబ్రవరి నుంచి, జనానికి తీవ్ర నష్టం కలిగించేలా గానీ 500 మందికి తగ్గకుండా గానీ సమాచారం బయటికి పొక్కిందని తేలితే, 3 రోజుల్లో కమిషన్‌కు చెప్పాలి. మెల్‌బోర్న్‌లో ఉన్న ల్యాప్‌టాప్ పోతే ఎవరు చెబుతారు? ఎవరికి తెలుస్తుంది?

అందుకే ముందు డొమైన్ అంటున్నాను. మెయిల్ సర్వీసు అద్దె ఇల్లు, ఎప్పుడైనా మారవచ్చు. డొమైన్ మాత్రం మన ఇంటిపేరు. అది చేతిలో ఉంటే ఎమ్మెక్స్ రికార్డు అనే ఒక్క వరుస మార్చి, రేపటి నుంచి ఉత్తరాలన్నీ ఇంకో కంపెనీకి మళ్ళించవచ్చు. పాత ఉత్తరాలు ఐమ్యాప్ ద్వారా కాపీ చేసుకోవచ్చు. అడ్రసు మారదు, కార్మికుడి దగ్గరున్న కార్డు మీద నంబరు కొట్టేసి రాయక్కర్లేదు. డాట్ ఎస్జీ డొమైన్ తీసుకుంటే ఇంకో మెలిక ఉంది: దాని బాధ్యుడు ఇక్కడి చిరునామా ఉన్నవాడై ఉండాలి, సింగ్‌పాస్‌తో తనెవరో నిర్ధారించాలి. 21 రోజుల్లో చేయకపోతే డొమైన్ ఆపేస్తారు. ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద ఉండి, వచ్చే ఏడు ఎక్కడుంటామో తెలియని నాలాంటివాళ్ళను ఆ పేరులో పెట్టకండి. ఇక్కడ స్థిరపడిన పెద్దలెవరినైనా పెట్టండి.

"ఉచితంగా వస్తుంటే డబ్బు ఎందుకు తమ్ముడూ" అని పెద్దలు అంటారు. ఉచితం చరిత్ర కొంచెం చూద్దాం. 2006లో గూగుల్ సొంత డొమైన్లకు ఉచితంగా మెయిల్ ఇచ్చింది. 2012 డిసెంబరులో కొత్తవాళ్ళకు తలుపు మూసింది. 2022 జనవరిలో పాతవాళ్ళను కూడా ఇక డబ్బు కట్టాల్సిందే అంది. గోల జరిగాక, వ్యాపారానికి కాకుండా సొంతానికి వాడుకునేవాళ్ళను ఉండనిచ్చింది. అది వాళ్ళ దయ, మన హక్కేమీ కాదు. యాహూ గ్రూపుల సంగతి మన తరానికి చెప్పక్కర్లేదు. ప్రవాసంలో తెలుగువాళ్ళు కొట్టుకున్నవీ కలిసినవీ ఎన్నో అక్కడే రాసుకున్నారు. 2019 డిసెంబరులో పాత సందేశాలకు దారి మూసేశారు, 2020 డిసెంబరు 15న మొత్తం ఎత్తేశారు. ముందే దింపుకున్నవాళ్ళకు మిగిలింది, మిగతావాళ్ళకు జ్ఞాపకం మిగిలింది.

డబ్బు కడితే భద్రమా అంటే, అదీ కాదు. 2025 జూలైలో నయారా ఎనర్జీకి ఏమైందో గుర్తుందా? గుజరాత్‌లోని వాడినార్‌లో రిఫైనరీ ఉన్న భారతీయ కంపెనీ, దాదాపు సగం వాటా రష్యా రోస్‌నెఫ్ట్‌ది. యూరోపియన్ యూనియన్ ఆంక్షలు పెట్టింది. మైక్రోసాఫ్ట్ వాళ్ళ మెయిల్, టీమ్స్ ఆపేసింది. డబ్బు కట్టిన కస్టమరు, భారతదేశంలో ఉన్న ఆఫీసు, భారతదేశపు చట్టం తప్పేమీ పట్టలేదు. అయినా బ్రస్సెల్స్‌లో నిర్ణయం జరిగితే ఇక్కడ ఇన్‌బాక్సు మూతపడింది. వాళ్ళు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళారు, కొద్ది రోజుల్లో సేవలు తిరిగొచ్చాయి. వాళ్ళకు లాయర్లున్నారు. మన నలుగురు వలంటీర్లకు ఎవరున్నారు?

ఆ తర్వాత జోహో గాలి వీచింది. 2025 అక్టోబరులో కేంద్ర హోంమంత్రి అమిత్ షా తన మెయిల్ జోహోకు మార్చుకున్నానని ప్రకటించారు. సుమారు 12 లక్షల కేంద్ర ఉద్యోగుల మెయిల్ కూడా దాని మీదికి మారిందని వార్తలొచ్చాయి. తమిళనాడు పల్లెల్లో ఇంజనీర్లను తయారుచేసిన కంపెనీ, నాకు గౌరవం ఉంది. కానీ మనవాడు కాబట్టి తాళం ఇచ్చేద్దాం అనే వాదన నాకు ఎక్కదు. మనదేశపు కంపెనీ కూడా ప్రభుత్వం చెబితే వింటుంది. ఏ ప్రభుత్వానికీ రుచించని మాట ఎప్పుడో ఒకప్పుడు రాసే సంఘాలకు ఇది ఉత్త ఊహ కాదు. వెళ్ళిపోవాలనుకుంటే ఎంత సులువుగా వెళ్ళగలం? ఏ కంపెనీనైనా అడగాల్సింది ఇదే.

మరి సొంత సర్వరు? మా వాళ్ళలో లైనక్స్ వీరులు తప్పక అడుగుతారు. పోస్ట్‌ఫిక్స్ ఎక్కించడం ఒక పూట పని, నిజమే. మన ఉత్తరం ఎదుటివాడి ఇన్‌బాక్సులో పడేలా చూడటం ఏళ్ళ పని. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ రెండూ పంపేవాళ్ళ మీద నియమాలు గట్టిగా బిగించాయి. దీపావళికి ఊరికి వెళ్ళిన వలంటీరు తిరిగొచ్చేదాకా సర్వరు పడిపోయి ఉండే ఆఫీసు నాకొద్దు.

ఏ కంపెనీ అయినా మూడు రికార్డులు మాత్రం పెట్టించండి. ఎస్పీఎఫ్ మన పేరుతో ఉత్తరం పంపే అధికారం ఏ సర్వర్లకుందో చెబుతుంది. డీకిమ్ ఉత్తరం మీద వేసే ముద్ర. డీమార్క్, ముద్ర లేని ఉత్తరాన్ని ఏం చేయాలో ఎదుటివాడికి చెబుతుంది. వీటితో అన్నీ ఆగుతాయని మాత్రం అనుకోవద్దు. 2024 జూలైలో సింగపూర్‌లో ఒక సరుకుల వ్యాపార కంపెనీకి, సప్లయర్ పేరుతో ఒక మెయిల్ వచ్చింది. అడ్రసులో స్పెల్లింగు కాస్త తేడా. తిమోర్ లెస్తెలో కొత్త బ్యాంకు ఖాతాకు పంపమంది. 4.23 కోట్ల అమెరికన్ డాలర్లు పంపేశారు! నాలుగు రోజులకు అసలు సప్లయర్ డబ్బు రాలేదంటే తెలిసింది. పోలీసులు, ఇంటర్‌పోల్ కలిసి చాలా మటుకు వెనక్కి తెచ్చారు. ఇలాంటి పోలిక పేరును ఏ డీమార్కూ ఆపదు. ఖాతా నంబరు మారిందంటే, పాత నంబరుకు ఫోన్ చేసి గొంతు వినండి.

మా ఆఫీసులో నేను అడుగుతున్నది ఇంతే. సంఘం పేరున డొమైన్, సంఘం ఖాతా నుంచి డబ్బు. అడ్రసులు మనుషుల పేర్ల మీద కాకుండా పదవుల పేర్ల మీద: కార్యదర్శి, కోశాధికారి, సహాయం. సహాయం అడ్రసుకు వచ్చింది ముగ్గురికీ కనబడాలి. అడ్మిన్లు ఇద్దరు, వేర్వేరు ఇళ్ళలో. లాగిన్‌కు ఫోన్ కోడ్ కాకుండా సెక్యూరిటీ కీ, ఇంకొకటి బీరువాలో. కమిటీ మారిన రోజున లెక్కల పుస్తకాలతో పాటు ఇవి కూడా అప్పగించి సంతకం. నెలకోసారి మొత్తం మెయిల్ కాపీ ఒక డిస్కులోకి, ముగిసిన కేసుల పాస్‌పోర్టు ఫొటోలు తీసేయడం.

"అంతా వాట్సాప్‌లోనే నడుస్తోంది కదన్నా" అన్నాడు ఒక కుర్ర వలంటీరు. నడుస్తోంది. అది కూడా ఎవరో ఒకరి ఫోన్‌లోనే, ఆ ఫోన్ ఉన్నన్నాళ్ళే.

తీర్మానం వచ్చే కమిటీ సమావేశం అజెండాలో ఏడో అంశం, హాలు అద్దె తర్వాత, ఉగాది భోజనాల ముందు. ఖర్చు మీద కోశాధికారిగారికి అభ్యంతరం ఉంది. మెల్‌బోర్న్‌లోని మిత్రుడు పాత ఉత్తరాలన్నీ దింపి ఇస్తానన్నాడు, శని, ఆదివారాలు చూసుకుని.