పదివేల మందిలో ఒకరు

సంపాదకులకు,

వాడకందార్లు పంపే బగ్ ఫిర్యాదులు చాలావరకు చాదస్తమేనని, అప్‌గ్రేడ్ చేసుకోనివాళ్లది బద్ధకమని మీ వ్యాసకర్త తేల్చేశారు. రెండూ తప్పే.

2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1809 సంగతి ఆయన మరిచినట్టున్నారు. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను వేరే డ్రైవ్‌కు మళ్లించుకున్న కొందరికి, పాత చోట మిగిలిన ఫైళ్లను ఆ అప్‌గ్రేడ్ తుడిచిపెట్టేసింది. విడుదలకు ముందే కొందరు పరీక్షకులు ఇది రాసి పంపారు. మిగతా వాడకందార్ల ఓట్లు పడని ఆ ఫిర్యాదులు గుట్ట అడుగునే ఉండిపోయాయి. కొద్ది రోజుల్లోనే పంపిణీ ఆపాల్సి వచ్చింది. ఫైళ్లు పోయాయన్నది పదివేల మందిలో ఒకరేనని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. ఆ ఒక్కరివి పెళ్లి ఫొటోలైతే? ఫిర్యాదుతో పాటు తీవ్రత ఎంతో చెప్పే వీలు ఆ తర్వాతే కల్పించారు.

ఇక బద్ధకం. 2021 మేలో ఇక్కడ ఐర్లండ్‌లో ప్రజారోగ్య సంస్థ హెచ్‌ఎస్‌ఈ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. అక్కడ 30,000కు పైగా కంప్యూటర్లు గడువు తీరిన విండోస్ 7తోనే నడుస్తున్నాయని తర్వాతి నివేదిక చెప్పింది. అప్‌గ్రేడ్ వద్దని నేననను. పాత అప్లికేషన్లు కొత్త విండోస్‌తో పొసగకపోవడం ఆ ఆలస్యానికి ఒక కారణం. అదీ బగ్ ఫిర్యాదే కదా!

'మా దగ్గర ఆ సమస్య రావడం లేదు' అని టికెట్ మూసేసే ముందు ఫిర్యాదు పంపిన మనిషికి ఒక్కసారి ఫోన్ చేయమని మా కుర్రాళ్లకు చెబుతుంటాను. వ్యాసకర్తకూ అదే మనవి.

— ఓ సపోర్ట్ ఉద్యోగి, లూకన్, డబ్లిన్